కాన్‌తీయ్ పని: బ్లౌజు మీద ఒక రకం, కమ్మల్లో ఇంకో రకం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. గుంటూరు బ్రాడీపేటలో మగ్గం వర్క్ యూనిట్ నడుపుతున్నారు. అమెరికాలో ఉన్న ఒక పెళ్లికూతురు బ్లౌజు ఫొటో ఒకటి, కమ్మల ఫొటో ఒకటి పంపింది. రెండింటి కిందా ఒకే ఫ్రెంచి మాట (cannetille) రాసి, ఆ వర్కే కావాలంది. మీరు ఆ మాటను 'కానెటిల్లే' అని చదివి మెటీరియల్ కొట్లో అడిగితే అలాంటిది లేదన్నారు. తెలిసిన కంసాలిని అడిగితే ఆయనా ఎప్పుడూ వినలేదన్నారు. సరుకు ఫ్రాన్సు నుంచి తెప్పించాలా, లేక ఆర్డరు వదులుకోవాలా అని మీ టెన్షన్.

వదులుకోకండి, తెప్పించనూ వద్దు. బ్లౌజు మీద ఆ మాటకు అర్థం మన మగ్గం వాళ్ళు రోజూ కుట్టే స్ప్రింగు జర్దోసి. సన్నటి లోహపు తీగను ఇనప పుల్ల మీద దగ్గర దగ్గరగా చుట్టి, పుల్ల లాగేస్తే మిగిలే బోలు గొట్టం అది. కమ్మల సంగతికొస్తే అదే తీగచుట్టును బంగారంతో చేసి, టంకం పెట్టి అతికిన పని. ఫ్రెంచివాళ్ళు దాన్ని 'కాన్‌తీయ్' అని పలుకుతారు. ముందు బట్ట మీద కుట్టే తీగకు ఆ పేరుండేది, తర్వాత దాన్ని పోలిన నగల పనికీ అదే పేరు వచ్చింది.

మా నాన్నగారిది బంగారం పని, నేను మగ్గం వైపు వచ్చాను. విజయవాడ సత్యనారాయణపురంలో చాలా ఏళ్లుగా ఇదే వృత్తి. రెండు పనులూ దగ్గర నుంచి చూశాను కాబట్టి మొదట ఒకటి చెప్తాను. ఈ రెండు ఫొటోలకూ పేరు ఒకటే అయినా పనివాడు వేరు, సరుకు వేరు, లెక్క వేరు. బట్ట మీద ఆ చుట్టును దారం పట్టుకుంటుంది. నగలో టంకం పట్టుకుంటుంది. అందుకని 'సెట్టు' అని కలిపి ఒకే రేటు చెప్పకండి, రెండు కొటేషన్లు ఇవ్వండి.

ముందు సరుకు. విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత బట్టల కాంప్లెక్స్ చుట్టుపక్కల మగ్గం మెటీరియల్ కొట్లకు వెళ్లి ఫ్రెంచి పేరు చెప్తే ఎవరికీ అర్థం కాదు. 'జర్దోసి స్ప్రింగు చూపించండి' అంటే గ్రాముల లెక్కన కట్టిన ప్యాకెట్లు వరసగా పరుస్తారు. ఆన్‌లైన్‌లో 'ఫ్రెంచ్ వైర్', 'బులియన్ వైర్' అని అమ్మేదీ ఇదే. వాటిలో చాలా భాగం మన దేశంలో తయారై, పేరు మార్చుకుని ఎక్కువ రేటుకు మన దగ్గరికే తిరిగొస్తున్న సరుకు. ముత్యాల దండలు గుచ్చేవాళ్ళు కొక్కెం దగ్గర దారం తెగకుండా చిన్న గొట్టం ముక్క తొడుగుతారు చూడండి, అదీ ఈ జాతిదే.

రకాలు తెలుసుకుంటే ఫొటో చూసి ఏది వాడారో మీరే పట్టేస్తారు. తీగను నలగ్గొట్టి చదును చేశాక చుడితే గొట్టం నున్నగా, మెరుస్తూ ఉంటుంది. చదును చేయకుండా గుండ్రటి తీగనే చుడితే మెరుపు తగ్గి మ్యాట్‌గా వస్తుంది. గుండ్రటి పుల్ల బదులు పలకలుగా ఉన్న పుల్ల మీద చుడితే గొట్టం ఒంటినిండా చిన్న చిన్న ముఖాలు ఏర్పడి చమక్కుమంటుంది. వీటినే మన వైపు వరసగా దబ్కా, కోరా, నక్షీ అంటారు. నాలుగోది గిజాయి, కాస్త మందం తీగతో చేసింది, గట్టిగా ఉంటుంది, పూసలు వరసగా పేర్చినట్టు కనిపిస్తుంది. దీన్ని ఫ్రెంచివాళ్ళు జాజెరాన్ అంటారు. అయితే కొట్టు కొట్టుకీ పేర్లు మారిపోతుంటాయి. ఒకచోట సాఫ్ట్, హార్డ్ అంటారు, ఇంకోచోట నంబర్లు చెప్తారు. పేరు మీద వాదన పెట్టుకోకుండా అంగుళం ముక్క శాంపిల్ జేబులో పెట్టుకుని వెళ్లడం మేలు.

ఒక జాగ్రత్త. మగ్గంలో నక్షీ అంటే ఈ స్ప్రింగు. కంసాలి దగ్గర నక్షీ అంటే దేవతా విగ్రహాలు, నెమళ్ళు ఉబ్బెత్తుగా చెక్కే టెంపుల్ పని. కమ్మల కోసం వెళ్లి 'నక్షీ కావాలండీ' అన్నారో, ఆయన లక్ష్మీదేవిని చెక్కి పెడతాడు. అక్కడ 'తీగ పని, స్ప్రింగు చుట్టు, మధ్యలో బంగారు రవ్వలు (చిన్న గుండ్లు)' అని చెప్పండి.

సరుకులో నాణ్యత ఎలా చూడాలంటారా? అసలైనది వెండి తీగ మీద బంగారు పూత. దాన్ని ప్యూర్ అంటారు, ధర వెండి రేటుతో పాటు కదులుతుంది. తర్వాతది రాగి తీగ మీద పూత, టెస్టెడ్ అంటారు. మన బ్లౌజుల మీద చాలావరకు ఇదే నడుస్తుంది, తప్పేమీ లేదు. ఇందులోనే పూత మరీ పల్చగా ఉండే చౌక సరుకు ఉంది. చిన్న ముక్కను తెల్ల గుడ్డలో పెట్టి గట్టిగా రుద్దండి. ఎర్రగా రాగి బయటపడితే ఆ ప్యాకెట్ తిరిగిచ్చేయండి. మన కోస్తా ఉక్కపోతలో అది మూడు ఫంక్షన్లు కూడా తట్టుకోదు. రోహిణి కార్తెలో పెళ్లయితే మొదటి రోజే చెమటకు మెడ దగ్గర రంగు దిగిపోతుంది.

ఇక కుట్టడం. ఇక్కడే మీ పని వాళ్ళ చెయ్యి తెలిసిపోతుంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఈ స్ప్రింగును ఆరీ సూదితో కుట్టరు. ఆరీకి కొక్కెం ఉంటుంది, అది చుట్ల మధ్య చిక్కుకుని తీగను సాగదీస్తుంది. మామూలు సూదే కావాలి, పది నంబరో పన్నెండో, గొట్టంలోంచి కన్నుతో సహా దూరేంత సన్నంది. ఫ్రాన్సులో లునెవిల్ అనే ఊరి పేరుతో ఒక కొక్కెం సూది ఉంది, అది మన ఆరీకి తోబుట్టువు. ఆ పద్ధతి 18వ శతాబ్దంలో తూర్పు దేశాల నుంచి యూరప్‌కు వెళ్లిందే. వాళ్ళు కూడా పూసలు, చమ్కీలు కొక్కెంతో కుడతారు, ఈ గొట్టాలను మాత్రం చేతి సూదితోనే.

ముందు ముక్కలు కోయాలి. ఒక పళ్ళెంలో వెల్వెట్ గుడ్డ పరిచి దాని మీద కోయండి. నున్నటి బల్ల మీద కోస్తే ప్రతి ముక్కా ఎగిరి ఎక్కడో పడుతుంది, సాయంత్రం నేల ఊడిస్తే చేటలో బంగారమే. కత్తెర గొట్టానికి నిలువుగా పట్టి ఒక్క నొక్కులో తెగ్గొట్టాలి. ఏటవాలుగా కోస్తే చివర తీగ కొస లేచి, కట్టుకున్నవాళ్ళ చర్మం గీరుతుంది. మంచి కత్తెర దీనికి వాడకండి, లోహం కోసి కోసి పదును చస్తుంది.

ముక్క పొడవే అసలు సంగతి. సూది పైకి వచ్చిన చోటు నుంచి కిందికి దిగే చోటుకు ఎంత దూరం ఉందో అంతే పొడవు ముక్క ఉండాలి. కింద ఎత్తు కోసం దారమో ఫెల్టు గుడ్డో వేసి ఉంటే ఆ ఉబ్బు మీదుగా కొలవాలి, చదునుగా కాదు. ముక్క పొట్టిదైతే రెండు చివర్లా దారం కనిపిస్తుంది. పొడుగైతే మధ్యలో విల్లులా లేచి, చుట్లు విడిపోయి పగుళ్ళలా కనిపిస్తాయి. కొత్తగా చేరిన అమ్మాయిల పని చూడండి, ఆకు అంచున నాలుగైదు ముక్కలు ఇలా నోరు తెరుచుకుని ఉంటాయి. అలాంటివి విప్పి మళ్లీ వేయించడమే, నొక్కితే సర్దుకోవు. ఒకసారి సాగిన స్ప్రింగు వెనక్కి రాదు.

ఆకుకు ముక్కలు అడ్డంగా కాకుండా ఏటవాలుగా, కొస నుంచి మొదలుపెట్టి కాడ వైపు రావాలి. సూది పైకి వచ్చాక ముక్కను పూసలా గుచ్చి, దారం వెంట కిందికి జార్చి, ఉబ్బు మీద పడుకోబెట్టి, అవతలి అంచుకు ఆనుకుని సూది దించాలి. దారం లాగేటప్పుడు ఎడమ చేతి వేలు ముక్క మీద ఆనించి ఉంచాలి, లేకపోతే చివరి చుట్టు దారంతో పాటు బట్టలోకి దిగిపోతుంది. దారానికి తేనెమైనం పట్టించి డబుల్‌గా వాడండి. తీగ అంచులు లోపల్నుంచి దారాన్ని రంపంలా కోస్తూ ఉంటాయి. మైనం లేని దారం అయితే బ్లౌజు డెలివరీ ఇచ్చిన నెలకే ముక్కలు రాలడం మొదలు. తెల్ల దారం వద్దు, తీగ రంగుకు దగ్గరి పసుపు తీసుకోండి.

మీరు వర్ణించిన ఫొటోలో పువ్వుల రేకులు బట్ట మీంచి పైకి లేచి ఉన్నాయన్నారు. దానికి రెండు దార్లున్నాయి. చిన్న రేకులైతే కుట్టు దూరం తక్కువ పెట్టి, కావాలనే పొడుగు ముక్క వేస్తే అది ఉంగరంలా లేచి నిలబడుతుంది. ముందు తప్పని చెప్పింది ఇక్కడ డిజైన్ అవుతుందన్నమాట. పెద్ద రేకులైతే స్ప్రింగు లోపల సన్నటి రాగి తీగ దూర్చి, రేకు ఆకారానికి వంచి, రెండు కొసలూ బట్టలోంచి వెనక్కి దించి అక్కడ కుట్టేయాలి. ఇది చూడ్డానికి గొప్పగా ఉంటుంది. కానీ పెళ్లిలో తలంబ్రాలు, దండలు, హత్తుకునే చుట్టాలు, వీటన్నిటి మధ్య ఎంతసేపు నిలబడుతుందో ఆలోచించండి. నా సలహా అయితే నిలబడే రేకులు చేతుల మీద మోచేతికి పైభాగంలో మాత్రమే పెట్టండి. వీపు మీద, చంక దగ్గర, జడ ఆనే చోట చదును పనే ఉంచండి. జడ గంటలు ఆ చుట్లలో చిక్కుకుంటే జుట్టూ పోతుంది, వర్కూ పోతుంది.

గిజాయిని ఇలా కోసి గుచ్చరు. దాన్ని కొద్దిగా, అంటే చుట్టుకూ చుట్టుకూ మధ్య దారం దూరేంత మాత్రం సాగదీసి, గీత మీద పెట్టి, చుట్ల సందులోంచి అడ్డ కుట్టు వేస్తూ పోవాలి. దారం సందులో మునిగి కనిపించదు. పువ్వు, ఆకు అంచులకు ఇదే బావుంటుంది. దీన్ని గుచ్చబోయి సూదులు విరగ్గొట్టుకునే వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

వరస కూడా ముఖ్యం. ఆరీ పని, పూసలు, కుందన్లు, చమ్కీలు అన్నీ అయ్యాకే చివర్లో స్ప్రింగు పని. ముందే వేస్తే పక్కన ఆరీ దారం ప్రతిసారీ చుట్లలో తగులుకుంటుంది, మణికట్టు ఆని నలుగుతుంది. అయిన భాగం మీద పల్చని మల్లు గుడ్డ పిన్ను చేసి కప్పండి. మగ్గం కర్రకు చుట్టకండి. రా సిల్క్ అయినా సరే వెనక పల్చటి కాటన్ అస్తరు వేసి మగ్గానికి బిగించాలి, లోహం బరువుకు పట్టు ఒక్కటే ఆగదు. జార్జెట్, నెట్ అయితే చెప్పనక్కర్లేదు.

ఇదే తీగ పని యూరప్‌లో సైనికాధికారుల యూనిఫాంలకు, టోపీలకు, చర్చి వస్త్రాలకు శతాబ్దాలుగా వాడుతున్నారు. ఇప్పటికీ ప్రపంచంలో చాలా చోట్లకు అలాంటి బులియన్ బ్యాడ్జీలు వారణాసి పనివాళ్ళే కుట్టి పంపుతారు. రష్యాకూ ఈ ఫ్రెంచి మాట వెళ్లి 'కనిటెల్' అయింది. అక్కడ కనిటెల్ లాగడమంటే పని తెమల్చకుండా నాన్చడమట, మనం సాగదీయకు అన్నట్టే. తీగ పని ఎవరు చేసినా చూసేవాళ్ళకు విసుగే మరి.

ఇప్పుడు కమ్మలు. 1815తో నెపోలియన్ యుద్ధాలు ముగిసేసరికి యూరప్‌లో బంగారం కరువు. ఫ్యాషన్ ఏమో పెద్ద పెద్ద సెట్లు అడుగుతోంది, మెడకు, చెవులకు, రెండు చేతులకు, గుండెల మీద బ్రోచ్. అందుకని కంసాలులు తక్కువ బంగారాన్ని సన్నటి తీగగా తీసి, చుట్లుగా, శంఖాలుగా, సుడులుగా పైకి లేపి, మధ్యలో చిన్న బంగారు రవ్వలు అతికి, పెద్ద నగలా కనిపించేట్టు చేశారు. 1820, 1830లు దీనికి మంచి రోజులు. రాళ్ళు కూడా మరీ ఖరీదైనవి కాదు, అమెథిస్ట్, టోపాజ్, ఆక్వామెరీన్, టర్కాయిజ్ లాంటివి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అసలు నగలున్నాయి, వాళ్ళ వెబ్‌సైట్‌లో ఫొటోలు పెద్దవి చేసి చూడొచ్చు, మీ కంసాలికి చూపించడానికి అవి పనికొస్తాయి. 1840ల నాటికి అచ్చు గుద్దే యంత్రాలు అదే రూపాన్ని పల్చటి రేకు మీద క్షణాల్లో కొట్టి పెట్టసాగాయి. 1848లో కాలిఫోర్నియాలో, 1851లో ఆస్ట్రేలియాలో బంగారం దొరికాక ఆ పొదుపు అవసరమూ తగ్గింది.

మన ఫిలిగ్రీకి దీనికి తేడా ఏంటని మీ కంసాలి అడగొచ్చు. కరీంనగర్ వెండి తీగ పనిలోనూ, కటక్ తారకాసిలోనూ మందం తీగతో చట్రం కట్టి, లోపల పేనిన సన్న తీగను చదునుగా సర్ది నింపుతారు. కాన్‌తీయ్‌లో తీగ చదునుగా ఉండదు, చట్రంలోంచి పైకి లేస్తుంది. చిన్న చిన్న గోపురాల్లా చుట్టలు నిలబడతాయి. తీగ పని వచ్చినవాడికి ఇది కొత్త విద్యేం కాదు, ఓపికే కావాలి.

బంగారం ఎంత పడుతుందో లెక్క చూడండి, కొటేషన్‌కు పనికొస్తుంది. కమ్మచ్చులోంచి (తీగను సన్నబరిచే చిల్లుల పలక) లాగి 0.2 మిల్లీమీటర్ల మందానికి తెస్తే గ్రాము మేలిమి బంగారం సుమారు 165 సెంటీమీటర్ల తీగ అవుతుంది. మందం సగం, అంటే 0.1కి తెస్తే పొడవు నాలుగింతలు, ఆరున్నర మీటర్లు. 0.2 తీగను ఒక మిల్లీమీటరు పుల్ల మీద సందు లేకుండా చుడితే సెంటీమీటరు గొట్టానికి 50 చుట్లు, దాదాపు 19 సెంటీమీటర్ల తీగ తింటుంది. అంటే గ్రాముకు తొమ్మిది సెంటీమీటర్లకు కాస్త తక్కువ గొట్టం. 22 క్యారెట్లకు ఇంకొంచెం ఎక్కువ వస్తుంది, అందులో కలిసే రాగి, వెండి తేలిక కాబట్టి. ఒక జత కమ్మలకు చుట్లు ఎంత పొడవు కావాలో కాగితం మీద గీసి కొలిస్తే బరువు మీకే తెలిసిపోతుంది, చట్రం, కమ్మల సీలలు, రాళ్ళ గూళ్ళు వేరే.

కష్టమంతా అతకడంలో ఉంది. ఉదాహరణకు ఒక చిన్న గోపురం చేయాలంటే, తీగను ముందు కాల్చి మెత్తబరిచి, మొనదేలిన పుల్లకు కింది నుంచి పైకి చుట్టి, మొన దగ్గర ఒక బంగారు రవ్వ కూర్చోబెట్టాలి. వెలిగారం నీళ్ళు తడిపి, ఆకురాయితో రాసిన టంకం పొడి చిటికెడు చల్లి, మంట చూపించాలి. మేలిమి బంగారం 1064 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 22 క్యారెట్లది ఇంకా ముందే. అంత సన్న తీగకు టంకం పారే వేడికి, తీగే కరిగిపోయే వేడికి మధ్య ఎడం చాలా తక్కువ. అందుకే మంటను నేరుగా తీగ మీదకు ఊదరు, చుట్టుపక్కల మందం చట్రాన్ని వేడెక్కించి ఆ వేడితో టంకం పారిస్తారు. ఈ మెలకువ తెలియని చోట ఇస్తే గోపురం బదులు బంగారు ఉండ చేతికొస్తుంది.

కాబట్టి కంసాలి మజూరీ, తరుగు ఎక్కువ చెప్తే బేరం ఆడండి గానీ ఆశ్చర్యపోకండి. ఇక్కడ డబ్బు బంగారంలో లేదు, చేతిపనిలో ఉంది. అమ్మబోతే మజూరీ తిరిగి రాదన్న సంగతి పెళ్లికూతురి వాళ్ళకు ముందే చెప్పేయండి. ఇవాళ్టి బంగారం ధరల్లో తక్కువ బరువుతో పెద్దగా కనిపించే నగ తెలివైన కొనుగోలే, కాకపోతే దాన్ని పెట్టుబడి అనుకుంటే మాత్రం కాదు. 22 క్యారెట్లు మరీ మెత్తన, రోజూ పెట్టుకునేవైతే 18 క్యారెట్లు మంచిది, తీగ అంత తేలిగ్గా వంగదు. రెండు గ్రాముల లోపు వస్తువుకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, అది దాటితే మామూలుగా హెచ్‌యూఐడీ, అంటే అక్షరాలు, అంకెలు కలిసి ఆరు ఉండే హాల్‌మార్క్ నంబరు, ఉండాల్సిందే. కమ్మలు తేలిక కాబట్టి ఈ విషయంలో ముందే మాట్లాడుకుని, బిల్లులో క్యారెట్ రాయించుకోండి.

రాళ్ళు పొదిగితే ఇంకో మాట. పాత నగల్లో రాయి వెనక మెరుపు కోసం రేకు పెట్టి మూసేసేవారు, మన కుందనం పనిలో పెట్టినట్టే. అలాంటి కమ్మలను నీళ్ళలో ముంచకూడదు, రేకు నల్లబడి రాయి చచ్చినట్టు కనిపిస్తుంది. అల్ట్రాసోనిక్ మెషీన్‌లో వేయడం అసలు వద్దు. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులపడం ఒక్కటే.

అంత బడ్జెట్ లేదంటే? మచిలీపట్నం చిలకలపూడి వాళ్ళు రాగి, ఇత్తడి మీద బంగారు పూత నగలకు పేరున్నవాళ్ళు. ఫొటో పట్టుకెళ్తే దగ్గరి రూపం చేసిస్తారు, కాకపోతే తీగ చుట్ల బదులు చాలావరకు అచ్చు పోసింది వస్తుంది. ఇంకో దారి నాకు ఎక్కువ ఇష్టం. బ్లౌజుకు తెచ్చిన అదే నక్షీతో, అదే గుడ్డ ముక్క మీద రెండు చిన్న మోటిఫ్‌లు కుట్టించి, కత్తిరించి, వెనక లెదర్ అతికి, వెండి కొక్కేలు పెట్టండి. పెళ్లికి ముందు మెహందీ, సంగీత్ లాంటి వాటికి బ్రహ్మాండంగా సరిపోతాయి. బరువుండవు, మ్యాచింగ్ గురించి ఆలోచించనక్కర్లేదు. ఆ పిల్ల అడిగింది కూడా అసలు ఇదేనేమో కనుక్కోండి. ఈమధ్య ఫొటోల్లో ఇలాంటి కుట్టు కమ్మలకూ అదే ఫ్రెంచి పేరు పెడుతున్నారు.

బ్లౌజు ఇచ్చేటప్పుడు వాడే పద్ధతి ఒక చీటీ మీద రాసి పెట్టండి, అమెరికాలో ఎవరినడుగుతారు పాపం. మడత పెట్టకుండా, మల్లు గుడ్డలో వదులుగా చుట్టి పెట్టాలి. ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల తేమ నిలుస్తుంది. కలరా ఉండలు పక్కన పెడితే జరీ మసకబారుతుంది. ప్యాక్ చేసేటప్పుడు రబ్బరు బ్యాండు తగిలించకండి, రబ్బరులో గంధకం ఉంటుంది, వెండి దాన్ని తాకినచోట నల్లటి గీత పడుతుంది. సెంటు, హెయిర్ స్ప్రే కొట్టుకోవడం అయ్యాకే బ్లౌజు తొడగాలి. ఇస్త్రీ తిరగేసి, కింద మందం టవల్ పరిచి, వర్కు లేని చోట మాత్రమే. ఆవిరి ఇస్త్రీ పెట్టె పైనుంచి నొక్కితే మీరు కట్టిన ఉబ్బంతా అణిగిపోతుంది.

రేటు చెప్పే ముందు అరచేయంత రా సిల్క్ ముక్క మీద ఒక ఆకు, ఒక పువ్వు, ఒక గిజాయి అంచు వేయించి, పట్టిన టైమ్ రాసుకోండి. అందులో ఎంత సరుకు పట్టిందో ప్యాకెట్ తూచి చూడండి. ఆ ముక్క ఫొటో పంపి ఓకే అనిపించుకున్నాకే అడ్వాన్స్ తీసుకోండి. ఫ్రెంచి పేరుందని రేటు పెంచడం నాకు నచ్చదు. నిలబడే రేకులు, ప్యూర్ తీగ ఉంటే మాత్రం మామూలు జర్దోసి రేటుకు ఒప్పుకోకండి, దానికి పట్టే టైమ్ వేరు.

రంగు విషయంలో కమ్మలు ముందు తేల్చుకుని తర్వాత తీగ కొనండి. మన కొట్లలో ఒక్క గోల్డ్ కలరే పసుపు, లేత, యాంటిక్ అని మూడు నాలుగు షేడ్లు ఉంటుంది. 18 క్యారెట్ల కమ్మల పక్కన పచ్చటి పసుపు తీగ పెడితే రెండూ ఎబ్బెట్టుగా కనిపిస్తాయి. ట్యూబ్‌లైటు కింద కాకుండా కొట్టు బయట వెలుతుర్లో చూసి తీసుకోండి.

ఇక కంసాలి దగ్గరకు వెళ్లే ముందు ఆ పిల్లను కమ్మల వెనక వైపు ఫొటో కూడా పంపమనండి. వెలుతురు ఇటు నుంచి అటు కనబడి తీగల చుట్లు విడివిడిగా తెలిస్తే అది చేతి పని, తీగ పని వచ్చిన మనిషినే వెతకాలి. వెనక పల్లాలు పడిన రేకు కనిపిస్తే అది అచ్చు గుద్దినది, అందుకు చిలకలపూడి చాలు.